ఎండ చేతికి నాలుగున్నర వేళ్ళు

1

పన్నెండేళ్ళ వయసులో ఓదెలు ఒక బొగ్గు పెళ్ళను నా అరచేతిలో పెట్టి, దాని మీద తన అరచెయ్యి మూసి ఒట్టేశాడు. "మీది తలుపు తెరిచిననాడు ఇద్దరం ఒక్కసారే కాలు బయట పెడదాం. నువ్వు లేంది నేను తలకాయ గూడ పెట్టను" అన్నాడు. మీది తలుపంటే నేల పైకి తెరుచుకునే తలుపు. నేల అడుగున గనిలో బతికే మా పాతాళపేటలో బొగ్గు మీద ఒట్టును మించింది లేదు. పెళ్ళినాటి ప్రమాణాలు కూడా దాని తరవాతే.

మాకు ఇరవై దాటాక పడమటి సొరంగం కప్పు కూలి, ఎవరికీ గుర్తులేని పాత గాలిగొట్టం ఒకటి తెరుచుకుంది. నేను పంపు దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఓదెలు ఒక్కడే ఎక్కాడు. ఒక్కడే చూశాడు. ఒక్కడే దిగాడు. మరునాడు ఆ గొట్టాన్ని సిమెంటుతో మూశారు. ఓదెలు నోరు మాత్రం నేటికీ మూతపడలేదు. "సూర్యుణ్ణి చూసినోడు" అన్న ఒక్క పేరు మీద ఊరి పెద్ద అయ్యాడు. మొదట్లో ఆయన చూసిన సూర్యుడు పళ్ళెమంత. నా పెళ్ళినాటికి బండిచక్రమంత అయ్యాడు. పోయిన ఏడాది సభలో ఆ సూర్యుడు ఆయన్ని పేరు పెట్టి పిలిచి, క్షేమసమాచారాలు కూడా అడిగాడు.

గాలి లెక్క రాసేవాడు గాలి గురించే రాయాలని రూలు. ఆ రూలు పెట్టింది ఓదెలు. కాబట్టి రాస్తున్నాను. గాలి బాగుంది. దీపం మంట పసుపుగానే ఉంది, మండే వాయువు చేరితే పెట్టుకునే నీలం టోపీ పెట్టుకోలేదు. గని లోపల అంతా క్షేమం. నా లోపల లేదు.

2

గాలి బాగుంది. తోటగదిలో తేమ కాస్త ఎక్కువ. నిమ్మచెట్ల పైన ఒక దీపం కొట్టుకుంటోంది, మార్చాలి.

మీది తలుపు తెరిచి నెల దాటింది. పైన పెట్టిన కొలతల పెట్టె, మా ముత్తవ్వలను కిందికి తరిమిన వేడి మనుషులు భరించగలిగినంతకు దిగిందని చాలాకాలంగా చెబుతూనే ఉంది. ఓదెలు నమ్మలేదు. తనొక్కడు చూసిన సూర్యుణ్ణి ఊరంతా చూస్తే తన బతుకేం కావాలి? చివరికి ఊరు పట్టుబడితే ఒప్పుకున్నాడు. ఇప్పుడు చీటీలు తీసి షిఫ్టుకు ఇద్దరు చొప్పున పంపుతున్నారు. మూడు పాటలు పాడినంతసేపు ఎండలో నిలబడి దిగిరావాలి.

పుట్టినప్పటి నుంచి తెల్లదీపాల కింద బతికిన జనం. దిగేటప్పుడు ఒక్కొక్కరూ కల్లు తాగినట్టు దిగుతున్నారు. పంపు మేస్త్రి మొగిలి మబ్బు కదలడం చూసి "కప్పు కూలుతున్నది, ఉరుకుండ్రి!" అని అరుస్తూ కేజిలోకి దూకాడట. అది కప్పు కాదని చెప్పి మళ్ళీ బయటికి లాక్కొచ్చేసరికి రెండు పాటలు అయిపోయాయి. (కేజి అంటే మమ్మల్ని పైకి కిందికి మోసే ఇనుప పెట్టె. ఈ రాతలు ఎప్పుడైనా పైన పుట్టినవాళ్ళు చదివితే తెలియాలి కదా.)

ఏ మంచిపనికైనా ముందు తీసినట్టే, పైకి పంపే ముందూ దిష్టి తీయాలి. ఆ పని మా మరదలు లచ్చవ్వది. నా భార్య చెల్లెలు. నా భార్య పోయాక నన్ను తిట్టే బాధ్యత కూడా ఆమే తీసుకుంది. కేజి గేటు దగ్గర పీట వేసి మనిషిని కూర్చోబెడుతుంది, నిమ్మకాయను తల చుట్టూ తిప్పుతుంది, కోస్తుంది. పూర్వం పైన ఆ చెక్కల్ని నాలుగు దారులు కలిసేచోట పారేసేవారట, కాలితో తొక్కేసేవారట. దీపాల కింద పెంచిన నిమ్మకాయను తొక్కి పారేస్తే మా ఊళ్ళో జరిమానా. అందుకని లచ్చవ్వ రసాన్ని అరచేతిలోకి పిండుకుని, "ఎండ కన్ను తగలొద్దు, ఎండ చెయ్యి తగలొద్దు" అంటూ మెడకు, వీపుకు, చేతులకు చరిచి చరిచి పూస్తుంది.

ఇవాళ గాలి కొలవడానికి గేటు దగ్గరికి వెళితే పట్టుకుంది.

"ఏం బావా, నీ చీటి ఎప్పుడొస్తది?"

"వచ్చింది. జీతాల సభ అయిన తెల్లారి."

"అబ్బో! నీకు రెండు కాయలు పిండాలె. నీకున్న దిష్టి అసొంటిది."

"నాకెవరు దిష్టి పెడ్తరే ఈ వయసుల?"

"నువ్వే. రోజూ అద్దంల చూసుకుంటవు గద."

పీట మీద కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నా చీటీ వచ్చింది! డెబ్బై ఆరేళ్ళ ముసలివాడు సొరంగంలో ఈల వేసుకుంటూ పోవడం గాలి లెక్కలో రాయాల్సిన విషయం కాదు. అయినా రాశాను.

3

గాలి బాగుంది.

మొగిలి ఒళ్ళు కాలింది. దిగిన రోజు ఏమీ లేదు, మర్నాడు దురద. ఆ మర్నాటికి మెడ దగ్గర మొదలై వీపు మీదుగా నడుము దాకా ఎర్రటి చారలు, చారల నిండా బుడగలు. మరిగే పులుసు ఎవరో వీపు మీద వొలకబోసినట్టుంది. కుడి భుజం మీద ఇంకా వింత. చేతి వేళ్ళ అచ్చు! ఎవరో ఎర్రగా కాలిన చేత్తో చరిచినట్టు.

ఆసుపత్రి గది ముందు ఊరంతా మూగింది. ఓదెలు చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, భుజం మీది అచ్చు చూసి, కళ్ళు మూసుకుని, తెరిచి అన్నాడు:

"సూర్యుడు చరిచిండు."

"ఎందుకు చరిచిండు?" అని మొగిలి పెళ్ళాం ఏడుపుగొంతుతో అడిగింది.

"ఆయనను చూసి ఉరికిండట గద నీ మొగడు. కోపం రాదా మరి? నేను పోయిననాడు దండం పెట్టిన. నాకు గోరంత గాయం గాలె."

4

గాలి బాగానే ఉంది. జనం ఊపిరి బిగబట్టారు కాబట్టి ఇంకా మిగిలింది.

మరో నలుగురు కాలారు. అందరికీ అదే వరస. పైన ఆనందం, కింద ఒకటి రెండు రోజులు మామూలు, ఆ తరవాత చారలు, బుడగలు, చేతి అచ్చులు. అందరూ దండం పెట్టినవాళ్ళే. ఒకాయనైతే సాష్టాంగపడ్డాడు. ఆయన వీపే అందరికంటే ఎక్కువ కాలింది.

ఓదెలు చాటింపు వేయించాడు. జీతాల రోజు సభ పెడతారు. మీది తలుపుకు సిమెంటు పోసి శాశ్వతంగా మూస్తారు. బస్తాలు అప్పుడే తలుపు దగ్గరికి చేరాయి.

జీతాల సభ. నా చీటీ ఆ తెల్లవారి. ఒక్క పూట తేడాలో ఈ మనిషి నా చేతిలోంచి సూర్యుణ్ణి రెండోసారి లాక్కుంటున్నాడు. నాకు ఇంకో నెల ఇంకో ఏడాది అని వాయిదా వేసుకునే వయసు లేదు.

కోపంతో గిరుక్కున తిరిగితే దీపం గోడకు తగిలింది. గాజు పగల్లేదు. అదొక్కటే శుభవార్త.

5

గాలి సంగతి తరవాత!

ఆసుపత్రి గదికి గాలి కొలిచే నెపంతో వెళ్ళి కాలినవాళ్ళ పక్కన ఒక్కొక్కరి దగ్గరా కూర్చున్నాను. చేతి అచ్చులు చూశాను. మొగిలి భుజం మీద, సాష్టాంగం పెట్టినాయన వీపు మీద, మరొకామె ముంజేతి మీద. అన్నింటికీ ఉంగరపు వేలు సగమే. అంటే సూర్యుడి చేతికి నాలుగున్నర వేళ్ళు!

పాతాళపేటలో నాలుగున్నర వేళ్ళ చెయ్యి ఒక్కటే ఉంది. చిన్నప్పుడు గని దీపాలుంచే లాంప్‌రూం తలుపులో పడి ఉంగరపు వేలు సగం పోగొట్టుకున్న చెయ్యి. ఆ చేతి వంట నేను ముప్పై ఏళ్ళుగా తింటున్నాను.

ఆసుపత్రి బెంచీ మీదే నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. కాలినవాళ్ళు నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. ఇంక మిగతాదంతా తాడు లాగితే బొక్కెన వచ్చినట్టు వచ్చేసింది. చారలేమిటి? మెడ మీద పిండిన రసం కారిన దారులు. సాష్టాంగపడ్డవాడి వీపు ఎందుకెక్కువ కాలింది? రసం పూసిన వీపును ఎండకు పరిచి పడుకున్నాడు కాబట్టి. ఓదెలు ఎందుకు కాలలేదు? దొంగతనంగా పోయాడు కాబట్టి! నాతో చెప్పనివాడు లచ్చవ్వతో చెబుతాడా? దిష్టి లేదు, పీట లేదు, నిమ్మకాయ లేదు. నన్ను మోసం చెయ్యడమే ఆయన చర్మాన్ని కాపాడింది. దేవుడు ఉంటే ఈ లెక్క ఏ చేత్తో వేశాడో అడగాలి.

మా చదువుగదిలో పుస్తకాలన్నీ నేను చదివినవే, అట్టలు ఊడినవాటితో సహా. ఒక మూలికల పుస్తకంలో ఉంది: కొన్ని రసాలు చర్మం మీద నిద్రపోతాయి, ఎండ తగిలితే లేస్తాయి. నిమ్మరసం అందులో ఒకటి. అంజూరపు పాలు ఇంకొకటి. మా దీపాల వెలుగులో ఆ లేపే గుణం లేదు. అందుకే ఇన్ని తరాలుగా నిమ్మరసం పూసుకుని తిరిగినా ఒక్కరికి ఒక్క బుడగ రాలేదు. సూర్యుడు అమాయకుడు. కొట్టింది మా మరదలు.

6

గాలి బాగుంది, కానీ చెంప మండుతోంది. నిమ్మరసం వల్ల కాదు.

నేను చెప్పిన తీరు బాగాలేదని ఒప్పుకోను. విన్న తీరే బాగాలేదు.

"లచ్చవ్వా, ఊరిని కాల్చింది నువ్వే" అన్నాను.

ఆమె చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. "ఏమంటివి?"

"నీ చెయ్యి అచ్చే. ఇగో, సగం వేలు. నువ్వు పూసిన నిమ్మకాయ ఎండల భగ్గుమంటున్నది."

"అంటే నాది ఇసపు చెయ్యా బావా? ఊర్లె పిల్లలందరికి తానం పోసిన చెయ్యి ఇది. మా అక్కకు ఆఖరి నీళ్ళు పోసిన చెయ్యి."

"నీ చేతినంటలేనే, నిమ్మకాయనంటున్న."

"నిమ్మకాయకు సగం వేలుందా?"

గరిటె నా చెంపకు తగలడం పొరపాటేనని ఆమె తరవాత అందరితో చెప్పిందట. నాతో చెప్పలేదు.

బయటికి వచ్చాక తట్టింది. ఈ మాట సభలో అంటే తలుపు తెరిచి ఉంటుంది కానీ, ఊరు ఆమె తలుపు మూసేస్తుంది. మొగిలి పెళ్ళాం ఇప్పటికే కొంగులో రాయి పెట్టుకుని తిరుగుతోంది, ఎవరి మీద విసరాలో తెలియక ఆగింది. కాబట్టి మాటలు చాలవు. నిమ్మకాయే తప్పు చేసిందని జనం కళ్ళతో చూడాలి.

7

గాలి బాగుంది. పరువు పోయింది.

వంటశాల సమ్మయ్యకు మొన్న చీటీ వచ్చింది. కాల్చేది నిమ్మకాయేనని నలుగురి ముందు చెప్పి నేను బతిమాలితే నిమ్మకాయ లేకుండా పోవడానికి ఒప్పుకున్నాడు. పోయాడు, చూశాడు, తుమ్మాడు (ఎండను చూస్తే తుమ్ము వస్తుందని మాకెవరూ చెప్పలేదు), పాడుకుంటూ దిగాడు. ఇవాళ పొద్దున చేతులు, ముఖం, పిక్కలు ఉడికిన బీట్‌రూట్‌లా లేచాయి. చారలు లేవు, అచ్చులు లేవు. సున్నం కొట్టిన గోడలా సమంగా కాలాడు.

ఓదెలు స్వయంగా నేను పనిచేసే లాంప్‌రూంకి వచ్చాడు. నా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైంది రాజలింగూ నీ నిమ్మకాయ కథ?"

"ఇంక అయిపోలె."

"నువ్వు పుస్తకాలు సదివినవు. నేను సూర్యుణ్ణి సూసిన. తేడా అదే."

"సూసినవు. ఒక్కనివే."

ఆయన కాసేపు చేతికర్ర కొనతో నేల గీకాడు. "ఇంక అదేనా? యాభై ఏండ్లాయె. నీళ్ళల్ల రాయి గూడ అరుగుతది."

"నేను రాయిని గాదు, బొగ్గును. అరగ, అంటుకుంట."

ఆయన వెళ్ళిపోయాక ఈ జవాబు ఎంత బాగుందో అనుకుని నాలో నేను మరో రెండుసార్లు చెప్పుకున్నాను. దానివల్ల సమ్మయ్య ముఖం చల్లబడలేదు.

8

గాలి బ్రహ్మాండంగా ఉంది!

లచ్చవ్వ తనంతట తానే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, నన్ను కాదు, నా దీపాన్ని చూస్తూ మాట్లాడింది.

"బావా. సమ్మయ్యకు నేనొకటి చేసిన."

"ఏం చేసినవు?"

"నిమ్మకాయ వద్దంటివి. ఉత్తగ ఎట్ల పంపుత? పానం ఒప్పలె. సున్నిపిండి నలుగు పెట్టిన. రెండంతలు మందు కలిపిన. కడుగొద్దు, అట్లనే పో బిడ్డా అని చెప్పిన."

నేను స్టూలు మీద నుంచి లేచాను. "సున్నిపిండిల ఏమేం వేస్తవు?"

"పెసర్లు, శనగలు, కచ్చూరాలు, ఎండిన నారింజ తొక్కలు, బావంచాలు..."

"ఏందీ?"

"నారింజ తొక్కలు."

"దాని తర్వాత!"

"బావంచాలు. నల్లగుంటయి గద, గింజలు. తోటగది మూలకు పెంచుతున్నం. ముత్తవ్వ నాటి నుంచి పెడుతున్నం, ఏంది గట్ల చూస్తవు?"

లచ్చవ్వ చెయ్యి పట్టుకుని గది మధ్యలో గిర్రున తిప్పాను. ఆమె "సిగ్గు లేదు ముసలోడా" అంటూనే ఒక చుట్టు తిరిగింది. బావంచాలు! బొల్లి మచ్చలకు వైద్యులు ఆ గింజలు నూరి పూసి, రోగిని కావాలనే ఎండలో కూర్చోబెట్టేవారని అదే మూలికల పుస్తకంలో ఉంది. ఎక్కువ కూర్చోబెడితే చర్మం లేచిపోతుందని హెచ్చరిక కూడా. నిమ్మకాయకు అన్న వరసది బావంచ. ఒకదాన్ని ఆపితే లచ్చవ్వ దాని అన్నను పంపింది!

"అంటే మళ్ళ నేనేనా?" అంది. "ప్రేమతోని పూసిందే కాల్చిందా బావా?"

"నువ్వు గాదు. పైన పుట్టినోళ్ళ ఆచారం కిందికి తెచ్చుకున్నం. కింద మార్చుకున్నం. మార్చినదాన్ని మళ్ళ మీదికి తీస్కపోయినం. నడుమల ఎక్కడ్నో తప్పింది. అందుల నీదొక్కదానిదే తప్పెట్లయితది?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మాటలు మంచిగనే చెప్తవు. సభల నమ్ముతరా?"

నమ్మరు. రెండుసార్లు నవ్వులపాలయ్యే ఓపిక ఊరికి ఉంటుందేమో, నాకు లేదు. చూపించాలి. చూపించాలంటే ఒకే చర్మం, ఒకే ఎండ, ఒక చోట రసం, మిగతా చోట ఏమీ లేకుండా. ఎవరి చర్మం? ఈ ఊళ్ళో ఎండను ఇంతగా కోరుకున్న చర్మం ఇంకెవరికుంది?

కేజి గేటు తాళంచెవి దిష్టి తీసే మనిషి నడుముకే ఉంటుంది. ఆ నడుము వైపు చూశాను.

"చూడకు" అంది లచ్చవ్వ. తరవాత, "నేను గూడ వస్త" అంది.

9

గాలి లెక్కకు అందలేదు.

రూలు ప్రకారం దీపం పైకి తీసుకెళ్ళాను. తలుపు దాటిన మరుక్షణం ఆరిపోయింది. ఎక్కడా ఫ్యాను లేదు, గొట్టం లేదు, మోటారు చప్పుడు లేదు. అయినా గాలి వీస్తోంది! ఎవరు నడుపుతున్నారు? ఏ షిఫ్టువాళ్ళు? యాభై ఏళ్ళుగా గాలిని గిన్నెలతో కొలిచినవాణ్ణి, సముద్రం ముందు నిలబడ్డ నీళ్ళ గుమాస్తాలా నిలబడ్డాను.

లచ్చవ్వ గడ్డి మీద చతికిలబడింది. కళ్ళద్దాలు కిందనే మరిచిపోయింది. "ఓ బావా, అంత నీలం మసక మసకగ ఉన్నదే, కప్పేది?"

"కప్పు లేదు."

"మరి పడిపోదా?"

"పడనీకి ఏముంది?"

ఆమె వెల్లకిలా పడుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ అంటుకుంది. కడుపు పట్టుకుని నవ్వాం. దేనికో ఇద్దరికీ తెలియదు. కొంచెం దూరంలో మోదుగ చెట్టు ఒక్క ఆకు లేకుండా నిండా ఎర్రగా పూసి ఉంది. అది చూసి లచ్చవ్వ "పాపం, దానికి గూడ నలుగు పెట్టిండ్రా?" అంది. నేను మళ్ళీ కూలబడ్డాను.

సూర్యుడి గురించి. పళ్ళెం కాదు, బండిచక్రం కాదు. నేరుగా చూడలేం. అదీ సంగతి! ఓదెలు యాభై ఏళ్ళుగా ముక్కు ఎలా ఉందో మీసం ఎలా ఉందో చెప్పిన సూర్యుణ్ణి అసలు ఎవరూ చూడలేరు. వీపు మీద మాత్రం తెలుస్తాడు. పని ముగించుకుని ఇంటికి వస్తే మనకంటే ముందు ఎవరో పొయ్యి వెలిగించి ఉంచినట్టు ఉంటుంది. నా భార్య ఉండగా అలా ఉండేది.

ఇద్దరం ఉట్టి నీళ్ళతో స్నానం చేసి వచ్చాం. పూత లేదు, పిండి లేదు. ఒక్క నిమ్మచెక్క రుమాలులో చుట్టి తెచ్చాను. చీపురు పుల్ల రసంలో ముంచి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ ముంజేతి మీద జాగ్రత్తగా రాశాను. తడి మెరిసి ఆరిపోయింది. ఏమీ రాయనట్టే ఉంది.

"ఏం రాస్తున్నవు బావా?"

"పేరు."

ఆమె లేచి కూర్చుంది. కళ్ళు చిన్నవి చేసి చూసింది కానీ అక్షరాలు కనిపించలేదు. తరవాత మెల్లగా, "అక్క చూసుంటే మంచిగుండు" అంది.

నేను చెయ్యి ఎండకు చాపి పట్టుకున్నాను. మూడు పాటలని రూలు. లచ్చవ్వ నాట్లు వేసేటప్పుడు పాడేవని ముత్తవ్వ నేర్పిన పాటలు ఎత్తుకుంది. నాట్లంటే ఏమిటో ఆమెకూ తెలియదు. ఎన్ని పాడిందో నేను లెక్కపెట్టలేదు. గాలి లెక్క, పాట లెక్క, ఏ లెక్కా ఇవాళ నావల్ల కాదు.

10

గాలి బాగుంది. చెయ్యి బాగాలేదు. ఆహా, ఎంత బాగాలేదో!

రాత్రి నుంచి దురద. పొద్దున ఎరుపు. లచ్చవ్వ చేతులు, నా ముఖం, నా కుడి చెయ్యి, రసం తగలని చర్మమంతా కొంచెం కందింది, అంతే. నేను పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీ పెట్టుకుని, ఊరంతా తిరిగాను. ఎవరూ అడక్కపోయినా "ఉక్కగ లేదు" అని చెప్పుకుంటూ.

11

జీతాల సభ. ఊరంతా లాంప్‌రూం ముందు చేరింది. ఇంతమంది ఊపిరికి గాలి తగ్గాల్సింది, తగ్గలేదు.

ఓదెలు ఎత్తు కుర్చీలో ఉన్నాడు. సిమెంటు కలపడానికి నీళ్ళు కూడా తెచ్చి పెట్టారు. ఆయన సూర్యుడి కోపం గురించి చెప్పడం పూర్తిచేసేదాకా ఓపిక పట్టాను. నా జీవితంలో ఇంత ఓపిక పట్టింది లేదు.

"పెద్దమనిషీ, ఒక్క మాట" అన్నాను. "నేను మీదికి పోయి వచ్చిన. చీటి లేకుంట. నీ లెక్కనే."

గోల లేచింది. ఓదెలు కర్ర నేలకు కొట్టాడు.

"సూర్యుడు చరిచేటోడైతే నా ముఖం సూడుండ్రి. కాలిందా? ఈ కుడి చెయ్యి సూడుండ్రి. ఎడమ చేతి మీద మాత్రం నిమ్మరసం రాసిన. పుల్లతోని, నా చేత్తోని నేనే. లచ్చవ్వ ముట్టలె. రసం తాకిన తాన కాలింది, తాకని తాన కాలలె. సున్నిపిండిల బావంచాలు గూడ ఇదే పని చేస్తయి. ఉట్టి నీళ్ళతోని తానం చేసి పోతే ఎవ్వరికేం గాదు. నమ్మకుంటే సదువుకోండ్రి."

గుండీ తీసి చొక్కా మడిచాను.

ముందు వరసలో మొగిలి ఉన్నాడు, వీపుకు మందు పట్టీలతో. వంగి చూసి, నోరు తెరిచి, ఓదెలు వైపు తిరిగి, నోరు మూసుకున్నాడు. మొగిలి పెళ్ళాం చూసింది. ఆమెకు నవ్వు వచ్చి ముఖం కొంగులో దాచుకుంది. ఆ కొంగులోనే నిన్నటిదాకా రాయి ఉండేది.

"ఏమున్నది? ఇటు తే" అన్నాడు ఓదెలు. సభలో చూపించినదాన్ని పెద్దమనిషి పైకి చదవాలి, అదీ ఆయన పెట్టిన రూలే. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని దీపం కిందికి లాగాడు. బుడగలు లేచి, ముత్యాల్లా వరసకట్టి, అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. నా దస్తూరీ ఎప్పుడూ ఇంత బాగా లేదు.

"ఓ..." అని చదివాడు. "దె..."

ఆగిపోయాడు.

"లు!" అని వెనక నుంచి ఊరంతా ఒక్క గొంతుతో పూర్తిచేసింది. లాంప్‌రూం అద్దాలు గలగలలాడాయి. సమ్మయ్య కాలిన ముఖంతోనే పడీపడీ నవ్వాడు, నవ్వితే మండుతోందని ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు. చేతులెత్తమంటే ఊరు రెండేసి చేతులు ఎత్తింది. తలుపు తెరిచే ఉంటుంది. నిమ్మకాయలు పులుసులోకి. సున్నిపిండి దిగినాక పెట్టుకోవచ్చు. దిష్టి తీసే పని లచ్చవ్వకే, ఉత్త చేతులతో. సిమెంటు బస్తాలు పంపు దిమ్మెకు.

లచ్చవ్వ ఎవరివో కళ్ళద్దాలు లాక్కుని నా చెయ్యి చూసింది. మళ్ళీ చూసింది. నెత్తి కొట్టుకుంది.

"మా అక్క పేరనుకుంటి గద బావా! పాటలు గూడ పాడితి!"

"మీ అక్క మీద నాకు కోపం లేదే."

జనం కేజి వైపు పరుగెత్తాక ఓదెలు కుర్చీ దిగి నా దగ్గరికి వచ్చాడు. కర్ర లేకుండా వచ్చాడు. ముసలివాడయ్యాడు, నాకంటే ఎక్కువగా.

"ఆనాడు దిగి వచ్చి నిన్ను పిలుద్దామనే అనుకున్న రాజలింగూ. దిగేటాల్లకు జనం మూగిండ్రు. భుజాల మీద ఎత్తుకున్నరు. మీదికెల్లి దిగబుద్ధి గాలె."

"ఎట్లుండె అప్పుడు?"

"ఏం సూసిన? కండ్లు మూసుకున్న. భయమైంది." మెల్లగా చెప్పాడు, ఎవరూ వినకుండా. "రేపు నీ చీటి గద. నేను గూడ వస్త. ఇద్దరం ఒక్కసారే కాలు పెడదాం."

వస్తానన్నాడు. రమ్మన్నాను. ఎండ ఎవడబ్బ సొత్తూ కాదు. పైన లచ్చవ్వను మా ఇద్దరి మధ్య కూర్చోబెడతాను.

అందుకని మాఫ్ చేశానని ఎవరూ అనుకోకూడదు. ఈ మచ్చ కొన్ని నెలలు గోధుమరంగులో ఉండి, తరవాత పోతుందట. తొందరగా పోవడానికి ఆసుపత్రిలో పూతమందు ఇవ్వబోతే వద్దన్నాను. తోటగదిలో నిమ్మచెట్లు నిండా కాశాయి, పైన ఎండ ఉంది, నా దగ్గర చీపురు పుల్ల ఉంది. పోయినప్పుడల్లా మళ్ళీ రాసుకుంటాను, ఇదే చేతి మీద, ఇవే మూడు అక్షరాలు: ఓదెలు.